కంపెనీ లాయరు ఎవరి మనిషి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీల్లో జీతానికి పనిచేసే లాయర్ల గురించే. అడ్వకేట్‌కు చెప్పిన మాటలకున్న గోప్యత రక్షణ కంపెనీ లాయరుకు చెప్పినవాటికి లేదంటూ 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వాళ్ల హోదా మీద చర్చ లేపింది. నేను గుంటూరు జిల్లా కోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌లో ఒక తయారీ కంపెనీ లీగల్ విభాగంలో చేరి, అక్కడే లీగల్ హెడ్‌గా రిటైరయ్యాను. అందుకే ఈ ప్రశ్నలకు కాస్త వివరంగానే రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: నేను బ్యాంకులో లా ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యాను. దస్తావేజులు చూడటం, లీగల్ ఒపీనియన్ రాయడం, బాకీ దావాలు వేయించడం, ఇదీ మా పని. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ లీగల్ టీమ్‌లో ఉంది. కోర్టు గుమ్మం తొక్కదు. పొద్దస్తమానం సేల్స్ వాళ్లతో, ఐటీ వాళ్లతో మీటింగులు. చదివిన చదువు వృథా అవుతోందేమోనని బెంగగా ఉంది.
— రాజమహేంద్రవరం

జవాబు: బెంగ పెట్టుకోకండి సార్. మీ అమ్మాయి చేస్తున్నది లాయరు పనే. మనం చేసినదానికంటే కష్టమైన పని.

నేను చేరినప్పుడు మా లీగల్ విభాగమంటే సనత్‌నగర్ ఫ్యాక్టరీలో స్టోర్స్ పక్కనున్న ఒక గది. ఇద్దరు లా ఆఫీసర్లు, ఒక టైపిస్టు, బీరువాల నిండా కేసు కట్టలు. లేబర్ కోర్టు కేసులు, సేల్స్ టాక్స్ అప్పీళ్లు, 1989లో 138వ సెక్షన్ అమల్లోకి వచ్చాక కుప్పలుగా చెక్ బౌన్స్ కేసులు. బయటి అడ్వకేట్‌కు కాగితాలు అందించడం, వకాలత్ మీద డైరెక్టరు గారి సంతకం తేవడం, వాయిదా తేదీ డైరీలో రాసుకోవడం, దీనితోనే రోజు గడిచిపోయేది. ఒప్పందాలు మా గదికి వచ్చేసరికి రెండు వైపులా సంతకాలైపోయి ఉండేవి. "ఫైల్లో పెట్టండి మేడమ్" అని పంపేవారు. గొడవ వచ్చి తెరిచి చూస్తే, ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి ముందు విచారణ, ఏ ఊళ్లో జరగాలో కూడా అందులో ఉండేది కాదు.

ఆ పద్ధతి ముందుగా మారింది అమెరికాలో. 1987లో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్, బెన్ హైన్‌మన్ అనే లాయర్ని జనరల్ కౌన్సెల్‌గా, అంటే కంపెనీ లాయర్లందరికీ పెద్దగా, తెచ్చుకున్నారు. అప్పటిదాకా అక్కడా పేరున్న లాయర్లంతా బయటి సంస్థల్లోనే ఉండేవారు. ముఖ్యమైన సలహా ఏదైనా బయటినుంచే వచ్చేది. హైన్‌మన్ ఆ సంస్థల్లోని సీనియర్లను, ఒక్కో రంగంలో ఆరితేరినవాళ్లను కంపెనీలోకే తీసుకొచ్చారు. బయటి లాయరు ఏం చేయాలో లోపలి లాయరే చెప్పే రోజులు అక్కడ అలా వచ్చాయి.

మన దగ్గర 1991 తర్వాత విదేశీ భాగస్వాములు రావడంతో కదలిక మొదలైంది. కానీ హైదరాబాద్‌లో నేను కళ్లారా చూసిన మార్పు మందుల కంపెనీలది. అమెరికాలో 1984 నాటి జనరిక్ మందుల చట్టం ప్రకారం, ఒక మందు పేటెంటును ముందుగా సవాలు చేసిన జనరిక్ కంపెనీకి, మిగతా జనరిక్ కంపెనీలకంటే ముందు 180 రోజులపాటు అమ్ముకునే ప్రత్యేక హక్కు దొరుకుతుంది. 2001లో డాక్టర్ రెడ్డీస్ వాళ్లు ఫ్లూయోక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్‌కు ఆ హక్కు పొంది అమెరికా మార్కెట్లో దిగారు. ఏ పేటెంటును సవాలు చేయాలి, ఎప్పుడు చేయాలి, ఓడిపోతే ఎంత నష్టం అన్నవి అక్కడ వ్యాపార ప్రశ్నలూ, చట్టం ప్రశ్నలూ కూడా. రెంటినీ విడదీయలేరు. 2005 జనవరి 1 నుంచి మన దేశంలోనూ మందులకు ప్రాడక్ట్ పేటెంట్లు వచ్చాక, కెమిస్ట్రీ చదివి లా చేసిన పిల్లలకు ఈ నగరంలో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది.

తర్వాత సత్యం కంప్యూటర్స్ కుంభకోణం. 2008 డిసెంబర్ 16న, చైర్మన్ రామలింగరాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు బోర్డు ఒప్పుకోవడం, వాటాదారులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గడం, 2009 జనవరి 7న రామలింగరాజు గారి ఉత్తరం. నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేవని అందులో ఉంది. ఆ వారం మా కంపెనీ స్వతంత్ర డైరెక్టరు ఒకరు లీగల్ గదికి నేరుగా ఫోన్ చేశారు. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. బ్యాంకు బ్యాలెన్స్ సర్టిఫికెట్లు బ్యాంకు నుంచే తెప్పించారా, మన అకౌంట్స్ వాళ్లు తెచ్చి ఇచ్చారా అని అడిగారు. లాయర్ని ఆ ప్రశ్న అడగవచ్చని బోర్డుకు తోచడమే పెద్ద మార్పు. 2013 కంపెనీల చట్టం, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన నిబంధనలు ఆ ఫోన్ కాల్‌ను రోజువారీ పని చేసేశాయి.

ఇక మీ అమ్మాయి మీటింగుల సంగతి. సేల్స్ వాళ్లతో కూర్చునేది, కస్టమర్‌కు నష్టం జరిగితే కంపెనీ ఎంతవరకు భరించాలో మాట ఇవ్వకముందే తేల్చడానికి. ఐటీ వాళ్లతో కూర్చునేది, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోసం. డేటా భద్రతలో నిర్లక్ష్యానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. కంపెనీ లిస్టెడ్ అయితే లోపల జరిగిన ముఖ్యమైన సంగతిని 12 గంటల్లో, బయటినుంచి వచ్చినదాన్ని 24 గంటల్లో స్టాక్ ఎక్స్ఛేంజికి చెప్పాలి. అర్ధరాత్రి ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే, అది చెప్పాల్సినంత ముఖ్యమైనదా అని కంపెనీ సెక్రటరీ ముందు అడిగేది లీగల్‌నే. ఆమెకు కోర్టు కనిపించకపోవడం వెనుక ఆమె కష్టం ఉంది సార్. కోర్టుదాకా పోకుండా ఆగిపోయిన గొడవలు ఏ రికార్డులోనూ కనిపించవు.

ప్రశ్న: లా చివరి సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చేలా ఉంది. నాన్నగారు మాత్రం ముందు కోర్టులో ప్రాక్టీస్ చేయమంటున్నారు. నాకు జడ్జి పరీక్ష రాయాలన్న కోరిక కూడా ఉంది. ఉద్యోగంలో చేరితే దారులు మూసుకుపోతాయా?
— కర్నూలు

జవాబు: జడ్జి కావాలన్న కోరిక గట్టిదైతే నాన్నగారి మాట వినమ్మా.

బార్ కౌన్సిల్ నియమాల్లో 49వది చదువు. పూర్తికాలం జీతానికి చేరిన అడ్వకేట్ ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీస్ చేయకూడదు. హిమాచల్‌లో ఒక విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ కేసులో సుప్రీంకోర్టు 2001లో ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. ఇక 2025 మే 20 నాటి తీర్పులో సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలన్న షరతును మళ్లీ తెచ్చింది. జిల్లా జడ్జి పోస్టుకు అడ్వకేట్‌గా ఏడేళ్లు కావాలని రాజ్యాంగంలో 233వ అధికరణమే చెబుతోంది. కంపెనీలో నువ్వు ఎంత గొప్ప ఒప్పందాలు రాసినా ఆ ఏళ్లు ప్రాక్టీస్ కిందకు రావు. దరఖాస్తు చేసేముందు ఆ నోటిఫికేషన్లో అర్హతలు ఒకసారి చూసుకో.

జడ్జి ఆలోచన పక్కనపెట్టినా, రెండు మూడేళ్లు కోర్టు చూసి కంపెనీకి వెళ్లినవాళ్లు మెరుగ్గా పనిచేస్తారని నా నమ్మకం. సాక్షి బోనెక్కి తడబడటం ఒక్కసారైనా చూస్తే, ఈమెయిల్లో ఏం రాయకూడదో ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంటర్వ్యూల్లో నేను అభ్యర్థులను అడిగే మొదటి ప్రశ్న, ఏ కోర్టు ఎన్నాళ్లు చూశారు అన్నదే. డబ్బు అవసరం ఇంట్లో గట్టిగా ఉంటే వేరే సంగతి. అప్పుడు సంకోచం లేకుండా ఉద్యోగంలో చేరు. జూనియర్‌కు సీనియర్లు ఇచ్చేది ఇప్పటికీ బస్సు ఖర్చులకు చాలనంతే ఉన్న ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అది సిగ్గుపడాల్సిన విషయం. ఆ సిగ్గు మీ తరానిది కాదు, మా తరానిది.

ప్రశ్న: ఒప్పందాలన్నీ ఇప్పుడు ఏఐ చదివేస్తోందట. ఇంకా కంపెనీల్లో లాయర్లు ఎందుకు?
— విజయవాడ

జవాబు: చదువుతోంది, నిజమే. రెండు వందల పేజీల లీజు ఒప్పందంలో అద్దె పెంపు షరతు ఎక్కడుందో క్షణంలో చూపిస్తుంది. అది మంచిదే. మా రోజుల్లో జూనియర్ల వారం దానికే పోయేది. కానీ 2023 జూన్‌లో న్యూయార్క్‌లో ఏవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో ఏమైందో గుర్తుంచుకోండి. కేసు వేసినవాళ్ల తరఫు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. పడింది లాయర్ల మీదే, యంత్రం మీద కాదు. సంతకం పెట్టేవాళ్లు ఉండాల్సిందే, ఆ సంతకానికి పూచీ పడాల్సిందే. జీతాలు, పోస్టుల లెక్క మారుతుంది. కొత్తగా చేరేవాళ్ల మీద ఆ దెబ్బ ఎక్కువ పడుతుందని నా భయం.

ప్రశ్న: బాలానగర్‌లో చిన్న మెషీన్ షాప్ నడుపుతున్నాను. ఒక పెద్ద కంపెనీకి విడిభాగాలు ఇస్తున్నాను. కొత్త ఒప్పందంలో బిల్లు ఇచ్చిన 90 రోజులకు డబ్బు ఇస్తామని రాశారు. కొనుగోలు మేనేజరు మంచివాడే, "మా లీగల్ ఒప్పుకోవడం లేదన్నా" అంటున్నాడు. వాళ్ల లాయరమ్మతో మాట్లాడితే "మామూలు ఫార్మాటే, సంతకం పెట్టండి" అంది. పెట్టమంటారా?
— హైదరాబాద్

జవాబు: ఆ లాయరమ్మ వాళ్ల కంపెనీ లాయరు తమ్ముడూ. ఎంత మర్యాదగా మాట్లాడినా ఆమె మీకు సలహా ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. మీ కాగితం మీ తరఫు మనిషి చదవాలి. ఇది మొదటి మాట.

రెండోది, ఆ 90 రోజులు చట్టం ముందు నిలబడవు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, సూక్ష్మ లేదా చిన్న సంస్థ దగ్గర సరుకు కొన్నవాళ్లు, కాగితం మీద ఏం రాసుకున్నా, సరుకు తీసుకున్న నాటినుంచి 45 రోజుల్లోపు చెల్లించాలి. అసలు ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. మీకు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందా? లేకపోతే ఈ ఒప్పందం మీద సంతకం పెట్టకముందే చేయించుకోండి. తర్వాత చేయిస్తే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు.

గొడవ పెట్టుకోమని చెప్పడం లేదు. ఆర్డరు పోతుందన్న భయం నాకు తెలుసు. ఆ లాయరమ్మకే ఒక మర్యాదైన ఈమెయిల్ పెట్టండి. మాది చిన్న సంస్థ, ఉద్యం నంబరు ఇది, చట్ట ప్రకారం గడువు 45 రోజులు కదా, ఆ మేరకు మార్చగలరా అని. ఆమె అర్థం చేసుకుంటుంది. ఎందుకంటే 45 రోజులు దాటిన మీలాంటివాళ్ల బాకీల వివరాలు కంపెనీ ప్రతి ఆరు నెలలకూ ప్రభుత్వానికి రిటర్న్‌గా ఇవ్వాలి. పైగా ఆదాయపు పన్ను చట్టంలో 2023లో తెచ్చిన మార్పు వల్ల, గడువు దాటిన బాకీని వాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. మీ కాగితం సరిచేస్తే ఆమె కంపెనీకే మేలు. మంచి కంపెనీ లాయరు చేయాల్సింది అదే. నేనూ ఇలాంటి ఉత్తరాలను పట్టుకుని కొనుగోలు విభాగంతో వాదించినదాన్నే.

అప్పటికీ డబ్బు రాకపోతే చిన్న సంస్థల బాకీ గొడవలు తేల్చే, రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్లవచ్చు. కౌన్సిల్ మీకు అనుకూలంగా అవార్డు, అంటే తీర్పు, ఇస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి అవతలివాళ్లు ముందు 75 శాతం కట్టాలి. ఈ ఒక్క షరతు చాలామందిని దారిలో పెట్టింది.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా ప్రాజెక్టులో బిల్లింగ్ గంటలు ఎక్కువ చూపించారని విచారణ జరుగుతోంది. కంపెనీ లాయరు నన్ను పిలిచి, "మనసు విప్పి చెప్పండి, మేమున్నాం" అన్నారు. ఆయనకు చెప్పింది బయటికి పోదు కదా? చాలా టెన్షన్‌గా ఉంది.
— హైదరాబాద్

జవాబు: ఆయన మీ లాయరు కాదు. మీరు చెప్పిన ప్రతి మాటనూ కంపెనీ తనకు కావలసినట్టు వాడుకోవచ్చు. మీ మీద క్రమశిక్షణ చర్యకు వాడవచ్చు, కస్టమర్‌కు చూపవచ్చు, పోలీసులకు ఇవ్వవచ్చు.

అమెరికాలో 1981లో అప్‌జాన్ అనే మందుల కంపెనీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, కంపెనీ లాయర్లతో ఉద్యోగులు మాట్లాడిన మాటల గోప్యత కంపెనీదేనని తేల్చింది. అప్పటినుంచి అక్కడ విచారణ మొదలుపెట్టేముందు లాయరు ఒక హెచ్చరిక చెబుతారు. నేను కంపెనీ తరఫు లాయర్ని, మీ తరఫు కాదు, ఈ సంభాషణను బయటపెట్టాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం అని. మన దేశంలో ఆ హెచ్చరిక తప్పనిసరి కాదు. నేను మాత్రం మా విభాగంలో తప్పనిసరి చేశాను. ఆ మాట వినగానే కొందరు నోరు మూసుకునేవారు. మా మేనేజ్‌మెంట్‌కు అది నచ్చేది కాదు. అయినా ఎదుటి మనిషి ఉద్యోగం, పరువు పణంగా ఉన్నప్పుడు నేను ఎవరి మనిషినో చెప్పకుండా మాట రాబట్టడం అన్యాయమని ఇప్పటికీ అంటాను.

మీరు చేయాల్సింది ఇది. విచారణకు సహకరించండి, అబద్ధం ఒక్కటి కూడా చెప్పకండి. ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, జవాబుకు సమయం అడగండి. టైమ్‌షీట్లు, మీకు వచ్చిన ఆదేశాల ఈమెయిల్స్ ఏ తేదీవో గుర్తు రాసుకోండి. వాటిని మీ సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, అదే ఇంకో నేరారోపణ అవుతుంది. స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టేముందు మీ సొంత అడ్వకేట్ ఎవరికైనా చూపించండి. ఒక గంట ఫీజుకు వెనకాడకండి.

ప్రశ్న: కంపెనీ లాయర్లకు చెప్పినవి రహస్యం కాదని సుప్రీంకోర్టు అందట కదా. మా ప్లాంటులో ప్రతి సమస్యా మేము లీగల్‌కు ఈమెయిల్ చేస్తాం. ఇక మానేయాలా?
— విశాఖపట్నం

జవాబు: మానేయకండి. మానేస్తే అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

తీర్పు సంగతి ముందు చెబుతాను. క్లయింటుకు సలహా ఇచ్చిన ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు 2025లో ఈడీ సమన్లు పంపింది. పెద్ద దుమారం రేగడంతో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, అక్టోబర్ 31న తీర్పు ఇచ్చింది. ప్రాక్టీస్ చేసే అడ్వకేట్‌కు గట్టి రక్షణ ఇచ్చింది. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ కింద, క్లయింటు చెప్పిన మాటను బయటపెట్టమని అడ్వకేట్‌ను ఒత్తిడి చేయకూడదంది. కంపెనీలో జీతానికి పనిచేసే లాయరుకు మాత్రం ఆ సెక్షన్ వర్తించదంది. ఆయన కోర్టులో ప్రాక్టీస్ చేసే అడ్వకేట్ కాదు, జీతం ఇచ్చే యజమాని వ్యాపార ప్రయోజనాల ప్రభావం నుంచి బయటపడలేడు, ఇదీ కారణం. 134వ సెక్షన్ కింద కొంత ఊరట ఉంది. కంపెనీ తన బయటి న్యాయ సలహాదారుతో జరిపే ఉత్తర ప్రత్యుత్తరాలకు ఆ రక్షణ ఉంటుంది, లోపలి లాయరు నడిపినవైనా సరే. కంపెనీకీ, దాని సొంత లాయరుకూ మధ్య నడిచే మాటలకు లేదు. యూరప్‌లోనూ పోటీ చట్టం దర్యాప్తుల విషయంలో 2010లో అక్జో నోబెల్ అనే కంపెనీ కేసులో దాదాపు ఇదే తర్కంతో ఇదే తేలింది.

అందువల్ల మీ ప్లాంటులో చేయాల్సిన మార్పు చిన్నదే. దర్యాప్తు లేదా కేసు రాబోతోందనిపించే విషయమైతే, బయటి అడ్వకేట్‌ను మొదటి రోజే రంగంలోకి దింపమని మీ లీగల్‌ను అడగండి. మిగతా ఈమెయిల్స్‌లో జరిగింది జరిగినట్టు రాయండి. "మనదే తప్పు", "ఇది బయటపడితే అంతే" లాంటి మాటలు వద్దు. తప్పు ఎవరిదో తేల్చడం మీ పని కాదు, బాయిలర్ ప్రెషర్ ఎంత చూపించిందో చెప్పడం మీ పని. "రహస్యం" అని పైన రాసినంత మాత్రాన ఏ కాగితానికీ రక్షణ రాదు.

ఈ తీర్పు మీద నా మాట కూడా చెప్పాలి. చట్టంలో అడ్వకేట్ అని ఉంది, కంపెనీ లాయరు అడ్వకేట్ కాదు, కాబట్టి కోర్టు చెప్పింది చట్టం మాటలకు తగ్గట్టే ఉంది. నా బాధ చట్టం మీద. ఈ ముప్ఫై ఏళ్లలో కంపెనీ లాయరు మీద పెట్టిన బరువు చూడండి. డేటా, లంచాల నివారణ, పర్యావరణం, లైంగిక వేధింపుల చట్టం కింద కమిటీల సంగతి, స్టాక్ ఎక్స్ఛేంజి ప్రకటనలు, అన్నీ ఆ బల్ల మీదే. కానీ 2013 కంపెనీల చట్టం 203వ సెక్షన్లో పెద్ద కంపెనీలకు తప్పనిసరి అన్న ముఖ్య అధికారుల జాబితాలో మేనేజింగ్ డైరెక్టర్ లేదా సీఈఓ ఉన్నారు, కంపెనీ సెక్రటరీ ఉన్నారు, ఫైనాన్స్ అధిపతి ఉన్నారు. లీగల్ హెడ్ లేరు. సెక్రటరీ పోస్టు ఖాళీ అయితే ఆరు నెలల్లో నింపాలని చట్టం చెబుతుంది, లీగల్ హెడ్‌ను తీసేస్తే అడిగేవారు లేరు. స్వతంత్రత లేదు కాబట్టి రక్షణ లేదంటే, స్వతంత్రత ఇవ్వండి. లీగల్ హెడ్‌ను నియమించాలన్నా తీసేయాలన్నా బోర్డు ఆమోదం ఉండాలని రాయండి. ఆడిట్ కమిటీ ముందు ఏడాదికోసారైనా, సీఈఓ గదిలో లేనప్పుడు మాట్లాడే హక్కు ఇవ్వండి. ఆ తర్వాత గోప్యత ఇవ్వవచ్చా లేదా అని చర్చిద్దాం. బాధ్యత మాత్రం పెంచుతూ హోదాను 1961 నాటి అడ్వకేట్ల చట్టం దగ్గరే వదిలేయడం సరికాదు.

ప్రశ్న: ఒక లిస్టెడ్ కంపెనీ లీగల్‌లో నాలుగేళ్లుగా చేస్తున్నాను. ఏప్రిల్ మొదటి వారంలో సంతకమైన ఒక పెద్ద ఒప్పందానికి మార్చి 30 తేదీ వేయమని మా బిజినెస్ హెడ్ అడుగుతున్నారు. "అందరూ చేసేదే, నువ్వు బిజినెస్ పార్ట్‌నర్‌లా ఆలోచించాలి" అంటున్నారు. ఇంటికి హోమ్ లోన్ ఉంది, చిన్న పాప ఉంది. ఏం చేయను మేడమ్?
— హైదరాబాద్

జవాబు: తేదీ వేయకమ్మా.

ఆయనకు నిజంగా కావలసింది ఏమిటో ముందు కనుక్కో. మార్చిలోనే పని మొదలైంది, ఆ రోజునుంచే షరతులు వర్తించాలి అన్నదే అవసరమైతే దానికి సక్రమమైన దారి ఉంది. సంతకం తేదీ ఏప్రిల్లో ఏ రోజో అదే వేసి, ఒప్పందం ఫలానా తేదీ నుంచి అమల్లో ఉన్నట్టు ఇరుపక్షాలూ ఒప్పుకుంటున్నాయని ఒక క్లాజు రాయవచ్చు. అందులో దాపరికం లేదు. ముందు ఈ డ్రాఫ్ట్ తయారుచేసి ఆయన ముందు పెట్టు. చాలాసార్లు గొడవ ఇక్కడే తీరిపోతుంది. వ్యాపారం వాళ్లకు కావలసింది దారి, మనం ఊరికే కుదరదని చెప్పి వచ్చేస్తే వాళ్లు మరో దారి వెతుక్కుంటారు.

అది కాదు, ఆ అమ్మకాన్ని మార్చి త్రైమాసికం లెక్కల్లో చూపించాలి అన్నది ఉద్దేశమైతే, సంగతి పూర్తిగా వేరు. అది వాటాదారులకు చెప్పే అబద్ధం. కంపెనీల చట్టం 447వ సెక్షన్ కింద మోసానికి ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు ఉంది, అది చేయమన్నవాళ్లకే కాదు, చేతులు కలిపినవాళ్లకూ వర్తిస్తుంది. పైగా అది దాగదు. ఈ-స్టాంప్ సర్టిఫికెట్ మీద జారీ అయిన తేదీ, సమయం ఉంటాయి. డిజిటల్ సంతకానికి టైమ్ స్టాంప్ ఉంటుంది. వర్డ్ ఫైల్ ఎప్పుడు పుట్టిందో ఆ ఫైలే చెబుతుంది.

ఆయనకు ఒక చిన్న ఈమెయిల్ రాయి. కోపం వద్దు, ఉపన్యాసం వద్దు. "మన సంభాషణ ప్రకారం సంతకం తేదీ మార్చడం కుదరదు, దాని బదులు ఈ క్లాజు పంపుతున్నాను, పరిశీలించండి" అంటే చాలు. ఆ మెయిల్ మీ లీగల్ హెడ్‌కు కాపీ పెట్టు. పైన రాసిన తీర్పు నీ మెయిల్‌కు గోప్యత ఇవ్వదు, కానీ ఈ మెయిల్ బయటపడితే నీకు మేలే. లీగల్ హెడ్ కూడా "వేసెయ్" అంటే, కంపెనీలో విజిల్ మెకానిజం (vigil mechanism), అంటే తప్పులను భయం లేకుండా పైకి చెప్పుకునే ఏర్పాటు, ఉంది. లిస్టెడ్ కంపెనీలకు 177వ సెక్షన్ కింద అది తప్పనిసరి, అవసరమైన సందర్భాల్లో ఆడిట్ కమిటీ చైర్మన్‌ను నేరుగా కలిసే వీలు ఉండాలని కూడా అందులోనే ఉంది. మీ కంపెనీ వెబ్‌సైట్లో ఆ పాలసీ ఉంటుంది, ఈ రాత్రే చదువు.

అమెరికాలో లెక్కల మోసం బయటపడి ఎన్రాన్ కంపెనీ కూలిపోయాక 2002లో తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టంలో 307వ సెక్షన్ ఉంది. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం, పెద్ద ఉల్లంఘన కంటపడితే కంపెనీ లాయరు చీఫ్ లీగల్ ఆఫీసర్‌కో, సీఈఓకో చెప్పాలి, వాళ్లు పట్టించుకోకపోతే ఆడిట్ కమిటీ దాకా వెళ్లాలి. వెళ్లవచ్చు కాదు, వెళ్లాలి. మన దగ్గర అలాంటి ఆదేశం ఉంటే నీ పని సులువయ్యేది. "నేను కావాలని చేయడం లేదు సార్, చట్టం నన్ను వదలదు" అని చెప్పగలిగేదానివి. అది లేకపోవడం వల్ల మొత్తం ధైర్యం నీ ఒక్కదాని మీదే పడుతోంది. అది నాకు తెలుసు, అందుకే కోపంగానూ ఉంది.

బిజినెస్ పార్ట్‌నర్ అన్న మాటకు జడవకు. సేల్స్ టార్గెట్ మీద నీకు బోనస్ ముడిపెట్టి ఉంటే మాత్రం, వచ్చే అప్రైజల్లో దాన్ని మార్చమని అడుగు. అమ్మకం జరిగితే డబ్బు వచ్చే లాయరు ఆ అమ్మకం కాగితాన్ని నిష్పక్షపాతంగా చదవలేరు. మా విభాగంలో బోనస్ లెక్కను ఫైనాన్స్ వాళ్లతో పోట్లాడి విడదీయించాను, రెండేళ్లు పట్టింది.

హోమ్ లోన్, పాప, ఇవి చిన్న విషయాలు కావు. అందుకే ఒక మాట. ఈ నెలలోనే నీ రెజ్యూమె సిద్ధం చేసుకుని బయట పరిచయాలు కదిలించు. ఇక్కడ పరిస్థితి చక్కబడినా అందులో నష్టం లేదు. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల గ్లోబల్ సెంటర్లలో, మందుల కంపెనీల్లో నాలుగేళ్ల అనుభవం ఉన్న లాయర్లకు అవకాశాలు బాగానే ఉన్నాయి. ఇంటర్వ్యూలో పాత కంపెనీ గురించి చెడుగా చెప్పకు, ఈ ఒప్పందం సంగతి అసలు ఎత్తకు. వాళ్లు నిన్ను ప్రశ్నలు అడగడం అయ్యాక నువ్వు కూడా ఒకటి అడుగు. ఇక్కడ లీగల్ హెడ్ ఎవరికి రిపోర్ట్ చేస్తారు అని. సీఈఓకు, బోర్డుకు అంటే ముందుకు వెళ్లు. సేల్స్ అధిపతికి అంటే ఆలోచించుకో.

మెయిల్ పంపాక ఏమైందో నాకు రాయి. పత్రికలో వేయను.